మట్టి దాచుకున్న పొగ

ఎండాకాలం. కోరుట్ల దగ్గర ఒక చెరువు నెర్రెలిచ్చి ఉంది. జేసీబీ పూడిక తీస్తోంది, ట్రాక్టర్లు వరుస కట్టాయి. తూముకు కొంచెం ఇవతల, మనిషి నిలువు లోతున తవ్విన చోట మట్టి గోడలా నిలిచింది. దాని ముందు గొంతుక్కూర్చుని చూస్తున్నాను. పైన జానెడు మేర నెర్రెలు, గేదెల గిట్టల గుంటలు. కింద గోధుమరంగు బంకమట్టి. ఆ కింద బొటనవేలు మందాన ఇసుక చార. మళ్ళీ బంకమట్టి, ఈసారి ఇంకా నల్లగా. అడుగున చెయ్యి పెడితే చల్లగా, జిగటగా, మురుగు వాసనతో ఉంది. గోరుతో గీకితే రెండు బొగ్గు నలుసులు ఊడొచ్చాయి.

ట్రాక్టరు మీదున్న ఒక పెద్దాయన దిగి వచ్చాడు.

"గా మట్టిల ఏం దేవులాడుతున్నవు సారూ?"

"పాత సంగతులేమన్న దొరుకుతయేమోనని చూస్తున్న కాకా."

ఆయన కాసేపు ఆ గోడనే చూశాడు. "మా తాత చెప్పేటోడు. గీ గుట్ట పొంటి ఇనుము కరగవోసేటోళ్ళట. పొద్దుమాపు పొగేనట. మరి గా పొగంత ఎటు వోయినట్టు?"

ఈ అధ్యాయమంతా ఆ ప్రశ్నకు జవాబే. ఎప్పుడో ఎవరో కొలిమి పెట్టి లోహం కరిగిస్తే లేచిన పొగ గాలిలో కలిసిపోయిందని మనం అనుకుంటాం. పొగ అంటే కంటికి ఆనని నలుసుల గుంపు. ప్రతి నలుసూ ఇవాళ కాకపోతే రేపు ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. దిగిన చోట గాలి, పురుగు, నాగలి దాన్ని కదిలించకపోతే అది అక్కడే ఉంటుంది, దాని మీద మరుసటి ఏటి నలుసు పడుతుంది. అలాంటి కదలని చోటు ప్రపంచంలో ఎక్కడుంది, మన దగ్గర ఉందా, ఉంటే దాన్ని చదవడమెలా?

తొక్కు జాడీ లాంటి నేల

చలిదేశాల్లో ఒక రకం చిత్తడి నేల ఉంది. పీట్ అంటారు. అక్కడ స్ఫాగ్నమ్ అనే నాచు మెత్తటి పరుపులా పెరుగుతుంది. పైన కొత్త నాచు మొలుస్తుంటే కింద పాతది చచ్చి నీళ్ళలో మునుగుతుంది. మన దగ్గరైతే అది నెల తిరక్కుండా కుళ్ళి మట్టిలో కలిసిపోయేది. అక్కడ కుళ్ళదు. ఎందుకో తెలియాలంటే వంటింట్లో అటక మీదున్న తొక్కు జాడీని తలచుకుంటే చాలు. పుల్లటి కాయ, ఉప్పు, పైన తేలే నూనె, బిగించిన మూత. సూక్ష్మజీవులకు గాలీ అందదు, పులుపూ పడదు. అందుకే పోయిన ఏడాది మామిడి ముక్క ఈ ఏడాదీ ముక్కలాగే ఉంటుంది. పీట్ నేలలో నీళ్ళు కూడా పుల్లనివే, కింది పొరలకు గాలి చేరదు, చలి ఎటూ ఉంది. కాబట్టి చచ్చిన నాచు కుళ్ళకుండా ఊరుతుంది. దీన్ని నేను 'ఊరిన నేల' అంటాను.

ఆ ఊరడం ఎంత గట్టిదంటే, డెన్మార్క్‌లో 1950లో పీట్ తవ్వుతున్నవాళ్ళకు ఒక మనిషి శవం దొరికింది. గడ్డం మీద మొలిచిన వెంట్రుకలు కూడా చెదరలేదు. ఈమధ్యే జరిగిన హత్య అనుకుని పోలీసులను పిలిచారు. తీరా చూస్తే అతను చనిపోయి రెండువేల ఏళ్ళు దాటింది. టోలుండ్ మనిషి అని ఇప్పుడు ప్రపంచమంతా అతన్ని ఎరుగుతుంది.

ఊరిన నేలల్లో ఒక రకానికి మనకు కావలసిన గుణం ఇంకొకటి ఉంది. అది చుట్టుపక్కల నేల కంటే కాస్త ఉబ్బెత్తుగా పెరుగుతుంది. వాగు నీళ్ళు, ఊటనీళ్ళు దాని మీదికి ఎక్కలేవు. దానికి తిండి, నీళ్ళు అన్నీ ఆకాశం నుంచే: వాన, మంచు, దుమ్ము. అంటే అందులో దొరికిన లోహం ఏదైనా గాలిలో వచ్చినదే. ఆ నేల ఏడాదికి ఒక మిల్లీమీటరో అంతకన్నా తక్కువో పెరుగుతుంది. మీటరు లోతుకు గొట్టం దింపి తీస్తే వెయ్యేళ్ళ గాలి చేతికి వచ్చినట్టే.

మన తెలంగాణలో ఇలాంటి నేల లేదు. ఏప్రిల్ వచ్చేసరికి చెరువు అడుగు కూడా నెర్రెలిస్తుంది. నెర్రెలోంచి గాలి లోపలికి పోతుంది, చెదలు పోతాయి, ఊరాల్సినదంతా మాడిపోతుంది. దక్షిణాదిన ఊరిన నేల కావాలంటే నీలగిరుల పైకెక్కాలి. అక్కడి పీట్‌లోని కార్బన్‌ను పరీక్షించి, వేల ఏళ్ళలో రుతుపవనాలు ఎప్పుడు బలపడ్డాయో ఎప్పుడు నీరసించాయో లెక్కగట్టిన సుకుమార్ తదితర శాస్త్రవేత్తల పరిశోధన 1993లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

సీసం యాస

ఊరిన నేలలో బాగా కుదురుకునే లోహం సీసం. కుళ్ళీకుళ్ళని నాచును పట్టుకుంటే ఇక వదలదు. పైకీ కిందికీ కదలడం చాలా తక్కువ. అందుకే పాత కాలుష్యం లెక్క తీసేవాళ్ళు ముందు సీసాన్నే వెతుకుతారు.

అయితే ఒక చిక్కుంది. మామూలు నేలదుమ్ములో కూడా కొంచెం సీసం ఉంటుంది. కరువు ఏళ్ళలో గాలిదుమారం ఎక్కువైతే నాచు మీద సీసమూ ఎక్కువ పడుతుంది. అది కొలిమి పొగా, ఉత్త దుమ్మా? దీన్ని తేల్చడానికి వాడే పద్ధతి ఇంట్లో కారం పట్టించే ఆడవాళ్ళకు చెప్పక్కర్లేదు. కిలో మిరపకాయలకు ఉప్పు ఇంత అని ఒక లెక్క ఉంటుంది. కారం రెండు కిలోలైతే ఉప్పు కూడా రెండింతలు, పాలు మారదు. నోట్లో వేసుకోగానే ఉప్పు కొట్టిందంటే ఎవరో విడిగా ఉప్పు పోశారన్నమాట. నేలదుమ్ములో మిరపకాయ లాంటిది స్కాండియం అనే మూలకం. పాతకాలంలో దాన్ని ఎవరూ కరిగించలేదు, ఎవరికీ దానితో పని లేదు. అది నాచు మీద పడిందంటే దుమ్ముతోనే పడాలి. ఒక పొరలో స్కాండియం పెరిగి, దానితోపాటు సీసమూ అదే పాలులో పెరిగితే గాలిదుమారం. స్కాండియం అలాగే ఉండి సీసం ఒక్కటే పెరిగితే కొలిమి.

ఇక ఎక్కడి కొలిమి? ఇక్కడ సీసం తన యాసతో దొరికిపోతుంది. బస్సులో వెనక సీటు మనిషి మొహం కనపడకపోయినా, "గిట్ల", "గట్ల" అన్నాడంటే తెలంగాణ వాడని, "ఏటి" అన్నాడంటే ఉత్తరాంధ్ర వాడని చెప్పేస్తాం. సీసంలో బరువులు వేరైన నలుగురు అన్నదమ్ములున్నారు. శాస్త్రంలో ఐసోటోపులు అంటారు. బరువులను బట్టి వాళ్ళ పేర్లు 204, 206, 207, 208. మొదటివాడు భూమి పుట్టినప్పుడు ఎంతున్నాడో అంతే. మిగతా ముగ్గురూ రాళ్ళలోని యురేనియం, థోరియం మెల్లగా విరిగి మారుతున్నకొద్దీ పెరుగుతూ వచ్చారు. ఒక గని ఎప్పుడు ఏర్పడింది, ఆ రాయిలో యురేనియం ఎంత అన్నదాన్ని బట్టి ఈ నలుగురి పాళ్ళు మారుతాయి. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ గని సీసంలో 206ను 207తో భాగిస్తే సుమారు 1.04 వస్తుంది. యూరప్ మామూలు నేలదుమ్ములో అది 1.20 దరిదాపుల్లో ఉంటుంది. సీసాన్ని కరిగించినా, పెట్రోల్‌లో కలిపినా, పొగగా వదిలినా ఆ పాళ్ళు చెరగవు. ఎన్ని ఊళ్ళు మారినా మనిషికి పుట్టింటి యాస పోనట్టే.

మిగిలింది వయసు. చచ్చిన నాచులో కార్బన్-14 ఎంత మిగిలిందో చూసి వేల ఏళ్ళ లెక్క కడతారు. దగ్గరి కాలానికి సీసానిదే ఇంకొక తమ్ముడున్నాడు, 210. వాడు 22 ఏళ్ళకొకసారి సగమైపోతాడు కాబట్టి నూరు, నూటయాభై ఏళ్ళ వరకు గడియారంగా పనికొస్తాడు. 1963 ప్రాంతపు పొరను గుర్తుపట్టడం ఇంకా తేలిక. అణుబాంబుల పరీక్షల వల్ల ఆకాశం నుంచి రాలిన సీజియం-137 ఆ ఏడాది చుట్టుపక్కల అన్నిటికన్నా ఎక్కువగా పడింది.

స్విస్ నాచు, కోటిలింగాల నాణెం

ఈ మూడు పద్ధతులనూ కలిపి స్విట్జర్లాండ్‌లో జూరా కొండల మీది ఒక పీట్ నేలలో ప్రయోగించారు. విలియం షోటిక్, ఆయన తోటివాళ్ళు 1998లో 'సైన్స్' పత్రికలో ఆ లెక్క అచ్చువేశారు. దాదాపు 14,500 ఏళ్ళ సీసం చరిత్ర ఆ ఒక్క నేలలో ఉంది. మొదట వేల ఏళ్ళపాటు మామూలు దుమ్మే. తర్వాత అడవులు నరికి పొలాలు దున్నినప్పుడు దుమ్ము పెరిగింది. దాదాపు మూడువేల ఏళ్ళ కిందటి పొర నుంచి స్కాండియంతో పాలు తప్పింది, యాసా మారింది. మనుషుల కొలుముల పొగ అక్కడ మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటిదాకా అది ఆగలేదు. అన్నిటికన్నా ఎక్కువ సీసం పడ్డ ఏడాది 1979. చదరపు మీటరుకు 15.7 మిల్లీగ్రాములు. మనిషి చెయ్యి పడకముందు ఏటా పడింది 0.01 మిల్లీగ్రాము. అంటే 1570 రెట్లు. కార్ల పెట్రోల్‌లో సీసం కలిపిన రోజులవి.

ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. మన దేశమంతటా సీసం లేని పెట్రోల్ అమ్మడం మొదలైంది 2000లో. అప్పటిదాకా జగిత్యాల బస్టాండులో, కరీంనగర్ రోడ్డు మీద పెట్రోల్ బండ్ల పొగ పీల్చిన మనమంతా ఆ లెక్కలో ఉన్నవాళ్ళమే. సీసం కలిపిన పెట్రోల్‌ను ప్రపంచంలో చివరిగా అల్జీరియా 2021లో ఆపేసింది.

ఆ జూరా నేలలో, అలాగే గ్రీన్‌లాండ్ మంచులో, రోమన్ల కాలం నాటి పొరల్లో సీసం లెక్క గుట్టలా లేస్తుంది. రోమన్లకు వెండి నాణేలు కావాలి. వెండి ఎక్కువగా సీసపు రాయిలో దాగి ఉంటుంది, అదీ చాలా కొద్దిగా. గుప్పెడు వెండి కోసం బండెడు సీసాన్ని కరిగించి, గాలి ఊది ఊది విడదీయాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది. కొలిమి వేడికి అందులో కొంత ఆవిరిగా లేచి, సన్నటి నలుసులై, వేల మైళ్ళు పోతుంది. గ్రీన్‌లాండ్ మంచులో క్రీస్తు పూర్వం 500 నుంచి క్రీస్తు శకం 300 వరకు సీసం మామూలుకు నాలుగింతలు ఉందని 1994లో తేల్చారు. 2018లో ఇంకా దగ్గరగా చూస్తే, రోమ్‌లో యుద్ధాలు వచ్చినప్పుడు, క్రీ.శ. 165లో మహమ్మారి మొదలైనప్పుడు మంచులో సీసం తగ్గిందని కనబడింది. గనుల్లో మనుషులు చచ్చిపోతే ఆ సంగతి ఎక్కడో ఉత్తర ధ్రువం దగ్గరి మంచు రాసిపెట్టుకుంది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున, పెద్దవాగు కలిసే చోట కోటిలింగాల ఉంది. తొలి శాతవాహనుల నాణేలు దొరికిన ఊరు. ఇప్పుడు ఎల్లంపల్లి జలాశయం నీళ్ళు దాని అంచులు తాకుతున్నాయి. శాతవాహనులు రాగితో, మిశ్రమ లోహాలతో పాటు సీసంతోనూ నాణేలు పోశారు. సీసాన్ని రాజముద్ర వేసేంత గౌరవంగా చూసిన రాజ్యాలు ప్రపంచంలో ఎక్కువ లేవు. వాసిష్ఠీపుత్ర పులుమావి సీసం నాణెం మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ ఉంటుంది. శాతవాహనుల కాలంలోనే రాసిన గ్రీకు నావికుడి పుస్తకం 'పెరిప్లస్'లో, మన పడమటి తీరపు రేవుల్లో దిగే సరుకుల్లో సీసం కూడా ఉంది. రోమన్ రచయిత ప్లినీ అయితే భారతదేశంలో రాగీ లేదు, సీసమూ లేదు, ముత్యాలిచ్చి కొనుక్కుంటారని రాసేశాడు. అది పొరపాటు. రాజస్థాన్‌లో జావర్ గనులు అప్పటికే ఉన్నాయి. కానీ బయటి నుంచి సీసం వచ్చిందన్న మాట మాత్రం నిజం.

కాబట్టి ఒక సీసం ముద్దను ఊహించుకోండి. దాన్ని కరిగించినప్పుడు లేచిన పొగ జూరా కొండల నాచు మీద దిగింది. మిగిలిన ముద్ద ఓడెక్కి పడమటి రేవులో దిగి, ఎడ్లబండి మీద గోదావరి దాకా వచ్చింది. ఇది జరిగి ఉండొచ్చు. ఫలానా నాణెం విషయంలో జరిగిందా లేదా అన్నది యాస చెప్పాలి. దానికి నాణెం అంచున ఆవగింజలో వెయ్యో వంతు చాలు.

ఇనుము ఎగరదు

మరి కాకా అడిగింది సీసం గురించి కాదు, ఇనుము గురించి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, గోదావరి అవతల నిర్మల్ దాకా ఉన్న నేల ఒకప్పుడు ఇనుముకు, ఉక్కుకు పేరుపడ్డ నేల. మెట్‌పల్లి దాటి నిజామాబాద్ జిల్లాలోకి అడుగుపెడితే కమ్మర్‌పల్లి. ఆ మండలంలోనే కోనసముద్రం. పారశీకంలో కత్తులు చేసేవాళ్ళకు ఈ ఊరి ఉక్కు కావాలి. బ్రిటిష్ సర్వే బృందంలో డాక్టరుగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేసిన హెన్రీ వాయ్సీ 1820 ప్రాంతంలో ఇక్కడికి వచ్చి ఉక్కు పోయడం కళ్ళారా చూశాడు. ఆయన 1824లో చనిపోయాక, ఆ వర్ణన 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన ఒక పారశీక వర్తకుడు ఊళ్ళోనే మకాం పెట్టి సరుకు దగ్గరుండి చేయించుకుంటున్నాడని అందులో రాశాడు.

ఇనుము తీసేవాళ్ళను ముద్ద కమ్మరులు అనేవారు. నల్లటి ఇనుప ఇసుకను వాగులో కడిగి, మట్టితో కట్టిన పొయ్యిలో బొగ్గుతో కలిపి పోసి, తిత్తులతో గాలి ఊదేవారు. అడుగున స్పంజిలా ముద్ద ఇనుము మిగిలేది, చిట్టెం పక్కకు కారిపోయేది. కోనసముద్రంలో ఆ ముద్దను మళ్ళీ ఉక్కు చేసేవారు. ఒక రకం మెట్‌పల్లి వైపు ఇనుము, ఇంకో రకం కొండాపూర్ ఇనుము కలిపి, ఊక కలిపిన మట్టితో చేసిన మూసల్లో పెట్టి, మూత బిగించి, పగలూ రాత్రీ మంట పెట్టేవారు. చల్లారాక మూస పగలగొడితే లోపల ఉక్కు బిళ్ళ. ఆ బిళ్ళను మళ్ళీ మట్టిలో చుట్టి పన్నెండు నుంచి పదహారు గంటలు కాల్చి, చల్లార్చి, ఇలా మూడు నాలుగుసార్లు చేస్తేనే సుత్తికి లొంగేదట. ఒక మూస ఒక్కసారికే. అందుకే పగిలిన మూసల పెంకులు దిబ్బలుగా పోగుపడ్డాయి. అలాంటి పెంకు ఒకటి నా బల్ల మీద ఉంది. బయటివైపు బూడిద కరిగి గాజులా మెరుస్తుంది. విరిగిన అంచు బొగ్గంత నలుపు. భూతద్దం పెడితే ఆ నలుపులో సన్నటి సందులు, ఒక్కోటి వడ్లగింజ పొట్టు ఆకారంలో. ఎప్పుడో ఎవరి పొలంలోనో పండిన వడ్లు.

ఈ పనంతా ఏదైనా స్విస్ నాచులో కనబడుతుందా? కనబడదు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ముద్ద కమ్మరి పొయ్యిలో అది పూర్తిగా కరగనే కరగదు, ఇక ఆవిరయ్యే మాట ఎక్కడిది? సీసంలా ఎగిరి దేశాలు దాటదు. బరువైన నలుసులుగా కొలిమి చుట్టూ పడుతుంది. ఎగిరేది బొగ్గు మసి, బూడిద, అందులోనూ పెద్ద నలుసులు చుట్టుపక్కలే దిగుతాయి.

పోనీ దగ్గరి చెరువు మట్టిలో ఇనుము ఎంతుందో కొలిస్తే? అది కూడా కుదరదు. ఇక్కడి ఎర్ర చెలకల్లో ఇనుము ఎటూ దండిగా ఉంది. పైగా బురదలో గాలి లేనప్పుడు ఇనుము నీళ్ళలో కరిగి నడుస్తుంది. కొన్ని ఊళ్ళలో బోరు నీళ్ళు పట్టగానే తేటగా ఉంటాయి, సాయంత్రానికి బకెట్ అంచున పసుపు తుప్పు పడుతుంది. చూసే ఉంటారు. భూమి లోపల గాలి లేక కరిగిన ఇనుము బయట గాలి తగలగానే తుప్పైందన్నమాట. చెరువు అడుగు మట్టిలోనూ ఇదే జరుగుతుంది. కింది పొరలో కరిగి, పైకి పాకి, గాలి అందిన చోట పేరుకుంటుంది. ఆ పొరను చూసి ఇక్కడ కొలిమి ఉండేదని రాస్తే తప్పు రాసినట్టే. సీసం పడ్డచోట ఉంటుంది, ఇనుము జాగా మారుస్తుంది. ఈ ఒక్క తేడా తెలియక తప్పుదారి పట్టే ప్రమాదం ఎక్కువ.

అందుకని ఇనుము కథకు వేరే సాక్షులను పిలవాలి. మొదటిది బొగ్గు నలుసు. రెండోది పుప్పొడి. కొలుములు అడవిని తినేస్తాయి, చెట్ల పుప్పొడి తగ్గి గడ్డి పుప్పొడి పెరిగితే మట్టిలో తెలుస్తుంది. మూడోది అయస్కాంతంతో దొరికేది. దీన్ని ఇంట్లో ఎవరైనా చేయొచ్చు. చెరువు మట్టిని ఎండబెట్టి, పొడి చేసి, తెల్లకాగితం మీద పలచగా పరిచాను. అయస్కాంతానికి పాలిథిన్ కవరు చుట్టి పైన తిప్పితే నల్లటి రేణువులు లేచి నిలబడ్డాయి. వాటిని చూసి సంబరపడ్డాను. ఆ సంబరం భూతద్దం తెచ్చేదాకే. ఎక్కువ రేణువులు కోణాలు తేలిన సహజమైన ఇనుప ఇసుకే. ఆ ఇసుక ఇక్కడ ఉంది కాబట్టే కదా కమ్మరులు వచ్చారు. కానీ వాటి మధ్య గుండ్రటి పూసలు కొన్ని దొరుకుతాయి, ఆవగింజలో పదో వంతు, కొన్నిటికి లోపల బుడగ ఖాళీ. కరిగిన చిట్టెం చిటపటలాడి గాలిలోనే గడ్డకడితే ఆ ఆకారం వస్తుంది. సుత్తి కింద ఎర్రటి ఇనుము నుంచి రాలే సన్నటి పూసలు కూడా అలాంటివే. వాగులో కొట్టుకొచ్చిన ఇసుకకు ఆ గుండ్రదనం రాదు.

2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి చిట్టెపు దిబ్బలను, మూసల దిబ్బలను నమోదు చేశాయి. శారదా శ్రీనివాసన్, గిల్ జూలెఫ్, వరంగల్‌కు చెందిన ఎస్. జైకిషన్ అందులో ముఖ్యులు. దిబ్బ ఎక్కడుందో వాళ్ళ పని చెప్తుంది. ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగిందో, ఎంత అడవి పోయిందో చెప్పడానికి ఆ దిబ్బ పక్కనున్న చెరువు మట్టి ఉంది.

చినిగిన పేజీలు

ఉందా మరి? చెరువు ఊరిన నేల లాంటిది కాదు. ఆకాశం నుంచి పడేది కొంచెమే. వానాకాలంలో వాగు తెచ్చి పోసేదే ఎక్కువ. మొదట ఇసుక దిగుతుంది, తర్వాత బంకమట్టి. ఏటేటా ఒక జత. పుస్తకం రాయడానికి ఇదీ మంచి పద్ధతే. కానీ ఎండాకాలం నెర్రెల్లోకి పైమట్టి జారుతుంది. గేదెలు తొక్కుతాయి. నీళ్ళు తగ్గాక తేలే శిఖం భూమిలో నాగలి దిగుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, రైతులు పూడిక మట్టిని పొలాలకు తోలుకుంటారు. ఇది ఇవాళ్టిది కాదు, చెరువు ఎంత పాతదో ఈ అలవాటూ అంత పాతది. చెరువు నిండకుండా ఉండడానికి, పొలం బలపడడానికి రెండిందాల పనికొచ్చే తెలివి అది. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయ పథకం 46,531 చెరువులను బాగు చేయాలని పెట్టుకుంది. చెరువు నీళ్ళతో బతికే ఊళ్ళకు అది ఎంత అవసరమో నాకు తెలుసు. ఆ పనిని తప్పుపట్టను. కానీ కోనసముద్రం లాంటి ఊళ్ళ పక్క చెరువుల్లో బకెట్ దింపేముందు, తూము దగ్గర లోతైన చోట రెండు గొట్టాలు దింపి మట్టి తీసి దాచి ఉంటే ఒక్కపూట పని. ఇప్పటికీ గండిపడి వదిలేసిన పాత చెరువులున్నాయి. కట్ట తెగాక వాటి జోలికి ఎవరూ పోలేదు. వాటి అడుగు మట్టి మీద నాకు ఆశ ఉంది.

దగ్గరి కాలానికైతే ఇంకా మంచి పుస్తకం సిరిసిల్ల జిల్లాలో ఉంది. గంభీరావుపేట మండలం నర్మాల దగ్గర ఎగువ మానేరు, నిజాం కాలంలో మొదలైన కట్టడం. దాని లోతైన అడుగు ఏ ఎండాకాలమూ చెదరని చోట గొట్టం దింపితే, సీజియం గుర్తుతో 1963 ఎక్కడుందో పట్టుకోవచ్చు. దాని పైన పెట్రోల్ సీసం పెరుగుతూ పోయి, 2000 తర్వాత తగ్గాలి. ఇంకా పైపొరల్లో, సిరిసిల్ల మరమగ్గాల నుంచి గాలికి లేచిన సన్నటి పాలిస్టర్ పోగులు ఉండాలి. కార్బన్-14కు, సీజియానికి దొరకని సంగతి ఆ పోగు చెప్తుంది. ఏ పొర నుంచి అది కనబడుతుందో, అక్కడి నుంచి ఊళ్ళో నూలు తగ్గి పాలిస్టర్ వచ్చిందని అర్థం. రోమన్లు వెండి కోసం ఊదిన పొగకూ, మగ్గం కింద రాలిన పోగుకూ లెక్క రాసే పద్ధతి ఒకటే.

కాకాకు ఇదంతా ఇంత పొడుగ్గా చెప్పలేదు. "పొగ ఎక్కువ దూరం పోలేదు కాకా. గీ చెల్కలల్లనే పడ్డది. వానకు కొట్టుకొచ్చి గీ చెరువుల చేరింది," అన్నాను.

ఆయన ట్రాక్టరు దగ్గరికి పోయి, మట్టి మీది నుంచి పిడికిలంత గడ్డ ఒకటి తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. నల్లగా, రాయి కన్నా బరువుగా ఉంది. ఒకవైపు తాళ్ళు పేనినట్టు పారిన గీతలు. చిట్టెం. కొలిమి పక్క కన్నంలోంచి వేడివేడిగా కారి, నేల మీద పాకి గడ్డకట్టింది.

"గిది పనికొస్తదా సారూ?"

"ఎంత లోతుల దొరికింది కాకా?"

ఆయన జేసీబీ వైపు చూశాడు, తర్వాత నిండిన తొట్టి వైపు చూశాడు. "ఏమెరుక. బకెట్‌ల అచ్చింది."

సంచి మీద ఊరి పేరు రాశాను, తేదీ రాశాను, తూము నుంచి ఎన్ని అడుగుల దూరమో రాశాను. లోతు అన్నచోట గీత గీసి వదిలేశాను. ట్రాక్టరు కట్ట ఎక్కి పొలాల దిక్కు మళ్ళింది.